సాఫ్ట్‌వేరు రేడియో: మూలము నుండి నిర్మాణము

రేడియో అనగానే మనకు ఒక పెట్టె, దానిపై ఒక మీట, ఆ మీటను త్రిప్పగా వినవచ్చు పాట స్ఫురించును. ఆ పెట్టెలో తరంగమును ఎన్నుకొను భాగమొకటి, దానిని పెంచు భాగమొకటి, అందలి ధ్వనిని విడదీయు భాగమొకటి యుండును. ఒక పనికై చేసిన పెట్టె మరియొక పనికి రాదు. ఎఫ్.ఎమ్. వినుటకు చేసిన పెట్టెతో విమానములు పంపు సంకేతములను వినజాలము. ఈ భాగములు చేయు పనిని తీగలకు, చుట్టలకు బదులు కంప్యూటరు ప్రోగ్రాములకు అప్పగించినచో ఒకే పరికరము అనేక రేడియోలుగా మారగలదు. ఇదియే సాఫ్ట్‌వేరు రేడియో. అమెరికా దేశపు ఇంజనీరు జోసెఫ్ మిటోలా 1992లో ప్రకటించిన పత్రముతో ఈ పేరు వ్యాప్తిలోనికి వచ్చినది. 2001లో ఎరిక్ బ్లాసమ్ ప్రారంభించిన గ్నూ రేడియో ఈ విద్యను సామాన్యుల యింటికి చేర్చినది. 2012లో, టెలివిజన్ చూచుటకై అమ్ముచున్న ఒక చిన్న యుఎస్‌బి పరికరములోని ఆర్‌టీఎల్2832యు అను చిప్పు శుద్ధమైన రేడియో నమూనాలను కంప్యూటరునకు అందింపగలదని తెలియవచ్చినది. అప్పటి నుండి అతి తక్కువ వ్యయముతో ఈ విద్యను అభ్యసించుటకు మార్గమేర్పడినది.

ఈ వ్యాసమున మేము హ్యాక్‌ఆర్‌ఎఫ్ వన్ అను పరికరమును ఉదాహరణముగా గ్రహించి, దానిని నడపు ఉపకరణములను మూలము నుండి, వేర్వేరు ఆపరేటింగ్ సిస్టములపై నిర్మించుకొను విధమును వివరింపదలచినాము. తెలుగు బోధించువారికి ఇందేమి పని యని కొందరడుగవచ్చును. మూలమనునది చదువదగిన పాఠమే. నిర్మాణమున ఎదురగు దోష సందేశములును పాఠములే. పాఠమునకు అన్వయము చెప్పుట మా వృత్తి. అంతకు మించిన కారణము మరియొకటి కలదు. మన విద్యార్థులలో పలువురు తెలుగు లేక ఉర్దూ మాధ్యమమున చదివి వచ్చినవారు. తెరపై ఆంగ్లమున నాలుగు పంక్తుల దోష సందేశము కనబడగానే ఇది మన వలన కాని పని యని కుర్చీ వదలి లేచిపోవుట తరచుగా చూచుచున్నాము. ఆ నాలుగు పంక్తులను చదువగలిగినచో వారు మిగిలినవారికి ఏ విధముగను తీసిపోరు.

పరికరము – హోస్టు

హ్యాక్‌ఆర్‌ఎఫ్ వన్ పరికరమును రూపొందించినవారు మైకేల్ ఆస్‌మన్. దీని పటములు, ప్రోగ్రాములు అన్నియు బహిరంగముగా లభించును. ఇది 1 మెగాహెర్ట్జు నుండి 6 గిగాహెర్ట్జుల వరకు పనిచేయును. గ్రహణమును, ప్రసారమును రెండును చేయగలదు గాని ఒకే సమయమున రెండును చేయజాలదు. సెకనుకు 2 కోట్ల నమూనాల వరకు అందించును. ప్రతి నమూనాయందు రెండేసి సంఖ్యలు, ఒక్కొక్కటి 8 బిట్లు, అనగా ఒక నమూనాకు రెండు బైట్లు. లెక్క వేసినచో సెకనుకు 4 కోట్ల బైట్లు, నిమిషమునకు 2,400 మెగాబైట్లు అగును. ఈ ప్రవాహము నంతటిని అందుకొని, డిస్కుపై వ్రాయుటయో, విశ్లేషించుటయో చేయవలసినది కంప్యూటరు. పరికరము ఏ యింట అతిథిగా దిగునో ఆ యిల్లు వంటిది గావున కంప్యూటరును హోస్టు అందురు. హోస్టుపై నడచు ప్రోగ్రాములే హోస్టు ఉపకరణములు.

వీనికి ఆధారము లిబ్‌హ్యాక్‌ఆర్‌ఎఫ్ అను లైబ్రరీ. దానిపై నిలిచిన ఉపకరణములలో ముఖ్యమైనవి నాలుగు. హ్యాక్‌ఆర్‌ఎఫ్ ఇన్ఫో పరికరము పేరును, దానిలోని ఫర్మ్‌వేరు సంచికను తెలుపును. హ్యాక్‌ఆర్‌ఎఫ్ ట్రాన్స్‌ఫర్ నమూనాలను గ్రహించి ఫైలుగా వ్రాయును, ఫైలు నుండి ప్రసారమును చేయును. హ్యాక్‌ఆర్‌ఎఫ్ స్వీప్ విశాలమైన తరంగ పరిధిని వేగముగా గాలించి ఎక్కడెక్కడ బలమైన సంకేతములున్నవో చూపును. హ్యాక్‌ఆర్‌ఎఫ్ స్పైఫ్లాష్ పరికరమునందు క్రొత్త ఫర్మ్‌వేరును నిలుపును. పరికరము లోపల నుండు ఫర్మ్‌వేరు వేరు, కంప్యూటరుపై నుండు హోస్టు ఉపకరణములు వేరు అని విద్యార్థులు మొదటనే గుర్తింపవలెను. ఫర్మ్‌వేరును నిర్మించుటకు వేరొక జాతి ప్రాసెసరుకై వ్రాయు ప్రత్యేకమైన కంపైలరు కావలెను. హోస్టు ఉపకరణములకు ఆ యవసరము లేదు.

మూలము, అనువాదము, సంధి

ఈ ఉపకరణములు సి భాషలో వ్రాయబడినవి. మనుష్యుడు చదువదగిన ఆ వ్రాతయే మూలము. కంపైలరు దానిని యంత్రభాషలోనికి అనువదించును. అనువదించిన ఖండములను, ముందే సిద్ధముగా నున్న లైబ్రరీలను కలిపి ఒక్కటి చేయు పనిని లింకింగ్ అందురు. మన వ్యాకరణ పరిభాషలో దీనిని సంధి యనవచ్చును. పూర్వపదము మన మూలము, పరపదము లైబ్రరీ. పరపదము లేనిచో సంధి జరుగదు.

ఏ ఖండమును ఎప్పుడు అనువదింపవలెనో నిర్ణయించు మేక్ అను ప్రోగ్రామును 1976లో బెల్ ప్రయోగశాలలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రచించినారు. కాని మేక్‌నకు వ్రాయు సూచనలు ఒక్కొక్క సిస్టమునకు ఒక్కొక్క విధముగా మారవలసి యుండును. ఆ కష్టమును తీర్చుటకై 2000 ప్రాంతమున సీమేక్ అను ప్రోగ్రాము వెలువడినది. ఇది ముందుగా కంప్యూటరును పరిశీలించి, కంపైలరు ఏది, లైబ్రరీలు ఎచటనున్నవి అని విచారించి, ఆ సిస్టమునకు తగిన సూచనలను తానే వ్రాసి యిచ్చును. లినక్సుపై మేక్‌నకు తగిన సూచనలను, విండోసుపై విజువల్ స్టూడియోకు తగిన సూచనలను వ్రాయుట దీనికి తెలిసిన విద్య. ఒకే మూలము అనేక సిస్టములపై నిర్మింపబడుటకు ఇదియే ఆధారము.

లినక్సుపై పని క్రమమిది. ఆజ్ఞలను ఇచట ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో వ్రాయుచున్నాము. యంత్రముపై వానిని ఆంగ్లాక్షరములతోనే టైపు చేయవలెను. మొదట గిట్ క్లోన్ ఆజ్ఞతో మూలమును దింపుకొనవలెను. అందు హోస్ట్ అను ఫోల్డరులోనికి పోయి, బిల్డ్ అను క్రొత్త ఫోల్డరును సృష్టించి, దానిలో ప్రవేశింపవలెను. అచట సీమేక్ అని వ్రాసి, ఒక ఖాళీ విడిచి, రెండు చుక్కలు పెట్టవలెను. రెండు చుక్కలనగా పై ఫోల్డరు. పిదప మేక్, ఆ పిదప సుడో మేక్ ఇన్‌స్టాల్, చివరకు సుడో ఎల్‌డీకాన్ఫిగ్. బిల్డ్ ఫోల్డరును వేరుగా ఉంచుటలో ఒక సౌకర్యము కలదు. సీమేక్ తాను కనుగొన్న తావులను ఆ ఫోల్డరులో ఒక ఫైలునందు వ్రాసి యుంచుకొనును. కంప్యూటరుపై లైబ్రరీలు మారినను పాత తావులనే నమ్ముకొని యుండవచ్చును. అట్టి వేళ బిల్డ్ ఫోల్డరును పూర్తిగా తొలగించి మరల ఆరంభించినచో మూలమునకు ఏ హానియు కలుగదు.

వాక్యమునకు మూడు నియమములు

పదములు కూడి అర్థవంతమైన వాక్యమగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును ఉండవలెనని మన శాస్త్రకారులు చెప్పిరి. 17వ శతాబ్దివాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున వీనిని సంగ్రహముగా నిరూపించినాడు. నిర్మాణమున కలుగు దోషములలో అధిక భాగము ఈ మూడింటిలో ఏదియో ఒకటి లోపించుట చేతనే కలుగుచున్నవి. దోష సందేశము కనబడినపుడు, లోపించినది ఈ మూడింటిలో ఏదియని ప్రశ్నించుకొనుట విద్యార్థి అలవరచుకొనవలసిన మొదటి అభ్యాసము.

మొదటిది ఆకాంక్ష. "సలీము పుస్తకమును" అని ఆపివేసినచో వినువానికి ఇంకను ఏదియో కావలెనను కోరిక మిగిలియుండును. మన మూలమునకును అట్టి కోరికలున్నవి. దానికి యుఎస్‌బి ద్వారమున మాట్లాడుటకు లిబ్‌యుఎస్‌బి కావలెను. స్వీప్ ఉపకరణమునకు ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యు అను గణిత లైబ్రరీ కావలెను. కాలక్రమమున వచ్చిన నమూనాలను తరంగ క్రమమునకు మార్చు ఫూరియర్ గణితము అందున్నది. సీమేక్ దశలోనే, ఫలానా లైబ్రరీ కనబడలేదు అను సందేశము వచ్చినచో అది ఆకాంక్షా దోషము. ఇచట ఒక చిక్కు కలదు. లిబ్‌యుఎస్‌బి కంప్యూటరులో ఉండియు కనబడలేదని సందేశము రావచ్చును. నడచుటకు కావలసిన లైబ్రరీ వేరు, నిర్మించుటకు కావలసిన శీర్షిక ఫైళ్లు వేరు. డెబియన్, ఉబుంటు కుటుంబమున ఈ శీర్షికలు డెవ్ అను తోకగల వేరు ప్యాకేజీలో నుండును. ఫెడోరా కుటుంబమున ఆ తోక డెవెల్. ఆర్చ్ లినక్సున రెండును ఒకే ప్యాకేజీలో వచ్చును. ఫ్రీబీఎస్‌డీ యందు లిబ్‌యుఎస్‌బి మూల సిస్టములోనే భాగమై యున్నది. మ్యాక్‌పై మొదట ఆపిల్ వారి కమాండ్ లైన్ టూల్స్ ఉండవలెను; పిదప హోంబ్రూ లేక మ్యాక్‌పోర్ట్స్ ద్వారా మిగిలినవి తెచ్చుకొనవచ్చును. విండోసుపై ఎంసిస్2 అను పరిసరమును నెలకొల్పి, దాని ప్యాక్‌మ్యాన్ ద్వారా కంపైలరును, లైబ్రరీలను పొందుట సులభమైన మార్గము. కోరిక ఒక్కటే, దానిని తీర్చు అంగడులు వేరు.

రెండవది యోగ్యత. "నిప్పుతో తడుపుచున్నాడు" అను వాక్యమున విభక్తులు సరిగనే యున్నవి, కాని నిప్పునకు తడుపు యోగ్యత లేదు. అట్లే లైబ్రరీ దొరకినను అది మన యంత్రమునకు యోగ్యమైనది కాకపోవచ్చును. 2020 నుండి ఆపిల్ సంస్థ తన సొంత ప్రాసెసర్లతో మ్యాక్ కంప్యూటర్లను విడుదల చేయ నారంభించినది. పాత ఇంటెల్ మ్యాక్‌కై అనువదించిన లైబ్రరీ క్రొత్త ప్రాసెసరు ప్రోగ్రాముతో సంధి పొందదు. ఒకే యంత్రమున రెండు జాతుల లైబ్రరీలు చేరినపుడు, వాస్తు భేదమును సూచించు సందేశము కనబడును. విండోసుపై 32 బిట్ల లైబ్రరీని 64 బిట్ల ప్రోగ్రామునకు జతపరుప బూనినను ఇట్లే యగును. ఇట్టి వేళ మరల మరల అదే ఆజ్ఞ నిచ్చుట వలన ఫలము లేదు. రెండింటిని ఒకే జాతివిగా చేసి, బిల్డ్ ఫోల్డరును తొలగించి, మొదటి నుండి నిర్మింపవలెను.

మూడవది సన్నిధి. ఉదయము "గంగను" అని, మధ్యాహ్నము "చూచితిని" అని పలికినచో వాక్యము కాదు. పదములు సమీపమున నుండవలెను. నిర్మాణమంతయు సక్రమముగా ముగిసినది, ఇన్ఫో ఆజ్ఞ నీయగానే లిబ్‌హ్యాక్‌ఆర్‌ఎఫ్ తెరువబడలేదు అని సందేశము వచ్చినది అనుకొందము. విద్యార్థి మిక్కిలి నిరాశపడునది ఇచటనే. కాని పని చెడలేదు. లైబ్రరీ యున్నది, వెదకువాడు ఆ వీథికి పోవుట లేదు. లినక్సుపై ఎల్‌డీకాన్ఫిగ్ ఆజ్ఞ లైబ్రరీల పట్టికను మరల వ్రాయును. ఫెడోరా వంటి కొన్నిటియందు మనము నిలిపిన స్థానిక ఫోల్డరు ఆ పట్టికలో చేరియుండదు. దానిని చేర్చి ఆజ్ఞను మరల నీయవలెను. విండోసు మొదట ప్రోగ్రామున్న ఫోల్డరులోనే డీఎల్ఎల్ ఫైళ్లకై వెదకును గావున, లిబ్‌యుఎస్‌బి డీఎల్ఎల్‌ను ప్రోగ్రాము ప్రక్కన ఉంచినచో సన్నిధి సిద్ధించును. మ్యాక్‌పై హోంబ్రూ ఇంటెల్ యంత్రములలో ఒక తావున, ఆపిల్ ప్రాసెసరు యంత్రములలో వేరొక తావున లైబ్రరీలను ఉంచును. పాత తావును సూచించు సలహాలను అనుసరించినవారికి క్రొత్త యంత్రముపై దోషము కలుగును.

అనుమతి

పై మూడును సమకూరినను పరికరము తెరువబడకపోవచ్చును. వ్యాకరణము చెప్పని నాలుగవ నియమమిది. లినక్సున సామాన్య వినియోగదారునకు యుఎస్‌బి పరికరమును నేరుగా తాకు అధికారము సాధారణముగా లేదు. అనుమతి లేదను సందేశము వచ్చినచో, మూలముతో పాటు లభించు 53 సంఖ్యతో మొదలగు యూడెవ్ నియమముల ఫైలును సిస్టమునందు నిలిపి, ఆ ఫైలు సూచించు గుంపులో వినియోగదారుని చేర్చి, ఒకసారి లాగౌట్ చేసి మరల ప్రవేశింపవలెను. ప్రతిసారియు సుడోతో నడుపుట కొందరికి అలవాటు. ఒక తలుపునకు తాళము చెవి లేదని ఇంటి తలుపులన్నియు తీసియుంచుట వంటిది గావున, ప్రయోగశాలలో దానిని ప్రోత్సహింపరాదు. విండోసుపై ఈ ప్రశ్న డ్రైవరు రూపమున వచ్చును. పరికరమునకు విన్‌యుఎస్‌బి డ్రైవరు జతపడి యుండవలెను. జతపడనిచో జాడిగ్ అను చిన్న ప్రోగ్రాముతో జతపరుపవచ్చును. మ్యాక్‌పై సాధారణముగా ఇట్టి నియమమును వ్రాయవలసిన పని యుండదు.

ఆర్‌టీఎల్ పరికరమునకు లినక్సుపై వేరొక చిక్కు గలదు. అది టెలివిజన్ పరికరముగా పుట్టినది గావున, జతపరుపగానే కెర్నెల్ దానిని టెలివిజన్ అనుకొని తన స్వాధీనమున ఉంచుకొనును. మన ప్రోగ్రామునకు అది దొరకదు. ఆ డ్రైవరును నిషేధ పట్టికలో చేర్చినచో పరికరము విడుదలగును.

పరీక్ష

నిర్మాణము సరియైనదో కాదో నోటితో చెప్పరాదు, కొలతతో చెప్పవలెను. ముందుగా ఇన్ఫో ఆజ్ఞ నిచ్చి ఫర్మ్‌వేరు సంచికను, హోస్టు ఉపకరణముల సంచికను పోల్చి చూడవలెను. రెండును ఒకే కాలమునకు చెందినవై యుండుట మంచిది. పిదప ట్రాన్స్‌ఫర్ ఆజ్ఞతో సెకనుకు 80 లక్షల నమూనాల చొప్పున, మొత్తము 4 కోట్ల నమూనాలను గ్రహింపవలెను. అయిదు సెకనులలో పని ముగియును. ఫైలు పరిమాణము సరిగా 8 కోట్ల బైట్లుండవలెను. ఉన్నచో యుఎస్‌బి, లైబ్రరీ, డిస్కు మూడును సక్రమముగా నున్నవని అర్థము. వర్చువల్ మెషీనులో ఈ ప్రవాహము తరచుగా తెగిపోవును గావున నేరుగా యంత్రముపైననే పరీక్షింపవలెను.

హైదరాబాదు ప్రాంతమువారు ఆకాశవాణి రెయిన్‌బో ప్రసారము 101.9 మెగాహెర్ట్జులపై దీనిని పరీక్షింపవచ్చును. ఐతే సరిగా ఆ సంఖ్యపై కాక, కొంచెము ప్రక్కకు నిలుపవలెను. ఇట్టి పరికరములలో నట్టనడుమ ఒక కృత్రిమ శిఖరము కనబడుట సహజము. అది ఏ కేంద్రపు ప్రసారమును కాదు. గ్రహించిన ఫైలు పాట కాదనియు, దాని నుండి పాటను విడదీయుటకు గ్నూ రేడియో వంటి ప్రోగ్రాము కావలెననియు గుర్తుంచుకొనవలెను. మధ్యతరంగ ప్రసారములు 531 కిలోహెర్ట్జుల నుండి మొదలగును గావున, 1 మెగాహెర్ట్జునకు లోపలివి ఈ పరికరపు ప్రకటిత పరిధికి వెలుపల నుండును.

రెండు హెచ్చరికలు. గ్రహణ ద్వారమున బలమైన సంకేతము ప్రవేశించినచో పరికరము శాశ్వతముగా చెడిపోవును. ప్రసార యంత్రముల సమీపమున జాగ్రత్త వహింపవలెను. రెండవది, ప్రసారము చేయు శక్తి యున్నంత మాత్రమున ప్రసారము చేయు అధికారము రాదు. దానికి పరీక్ష వ్రాసి అమెచ్యూర్ రేడియో లైసెన్సు పొందవలెను. ఆ లైసెన్సు సూచించిన తరంగములపైననే ప్రసారము చేయవలెను. ఈ రంగమున శిక్షణ యిచ్చుటకై నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో హైదరాబాదులోనే 1983లో స్థాపింపబడినది. లైసెన్సు లేని విద్యార్థి గ్రహణమునకే పరిమితుడై యుండవలెను.

సిద్ధాన్నము, స్వయంపాకము

ఇంత శ్రమ ఎందులకు, ఉబుంటుపై ఒక్క ఆజ్ఞతో సిద్ధమైన ప్యాకేజీ వచ్చును గదా యని అడుగువారుందురు. వారి మాటయందు న్యాయము కలదు. వినుటయే లక్ష్యమైనచో ప్యాకేజీ చాలును. హోంబ్రూ, ఫ్రీబీఎస్‌డీలకును ప్యాకేజీ కలదు. కాని ప్యాకేజీ సంచిక ఫర్మ్‌వేరు కంటె వెనుకబడి యుండవచ్చును. ఉపకరణమున ఒక చిన్న మార్పు చేసి చూడవలెనన్న మూలమే శరణ్యము. ఈ ఉపకరణములు జీఎన్‌యూ జనరల్ పబ్లిక్ లైసెన్సు క్రింద వెలువడినవి గావున చదువుటకు, మార్చుటకు, తోటివారికి పంచుటకు ఎవరి అనుమతియు అడుగనక్కరలేదు. విద్యార్థికి ఇంతటి స్వేచ్ఛ నిచ్చు ప్రయోగశాల వస్తువులు అరుదు.

మన వంటి కళాశాలలలో కంప్యూటర్లు ఒకే నాడు, ఒకే జాతివి రావు. ఒక బల్లపై పాత విండోసు, ఒక బల్లపై ఉబుంటు, ఇంటి నుండి తెచ్చుకొను ల్యాప్‌టాపు వేరొకటి. దీనిని మనము లోపముగా భావించుచున్నాము. ఈ పాఠమునకు మాత్రము ఇదియే తగిన ప్రయోగశాల. ఒకే మూలమును మూడు బల్లలపై నిర్మింపజేసినచో, ఏది మూలమునకు సహజమైన గుణమో, ఏది సిస్టము వలన కలిగిన భేదమో విద్యార్థికి తనంతట తానే బోధపడును. ఒకే రకపు యంత్రములున్న చోట ఈ వివేకము కలుగుట కష్టము.

కళాశాల కార్యవర్గమునకు మేము చేయు నివేదన స్వల్పమైనది. హ్యాక్‌ఆర్‌ఎఫ్ ఖరీదైనది గావున మొదటి సంవత్సరము దాని ధరలో చిన్న భాగమునకే లభించు ఆర్‌టీఎల్ పరికరములు రెండును, ఒక ఆంటెన్నాయు సమకూర్చిన చాలును. దానికి గ్రహణము తప్ప ప్రసారము రాదు. ఆరంభమునకు అదియే క్షేమము. దాని ఉపకరణములను నిర్మించు క్రమమును సీమేక్, మేక్, ఇన్‌స్టాల్ అను ఇదే వరుస. వానితో పాటు ప్రయోగశాలలో ఒక పెద్ద నోటుపుస్తకముండవలెను. ఎదురైన ప్రతి దోష సందేశమును అందు యథాతథముగా వ్రాసి, దాని క్రింద అర్థమును తెలుగున ఒకరు, ఉర్దూన ఒకరు వ్రాయవలెను. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి, అనుమతులలో లోపించినది ఏది, ఏ సిస్టముపై, ఏమి చేయగా సరియైనది అను మూడు విషయములను చేర్చి తేదీ వేయవలెను. రెండు సంవత్సరములలో ఆ పుస్తకము మా ఉపన్యాసముల కంటె ఎక్కువ ఉపయోగపడగలదు. తరువాత వచ్చు విద్యార్థి ఆంగ్ల సందేశమును చూచి లేచిపోక, పుస్తకమును తెరచి, తన పుటను వెదకుకొనును. అతనికి అందు దొరకని సందేశము ఎదురైన నాడు క్రొత్త పుటను వ్రాయువాడు అతడే యగును.